బర్రెనిచ్చి తెచ్చుకున్న గాజుముఖం

జగిత్యాల వెళ్ళొచ్చానని తెలిసి మా వీధివాళ్ళందరూ కొండగట్టు ప్రసాదం ఏదమ్మా అని అడిగారు. నేను కొండగట్టు ఎక్కలేదు. ధర్మపురి వెళ్ళలేదు. దారిలోనే వేములవాడ వచ్చినా బస్సు దిగలేదు. అంత దూరం పోయి ఏ దేవుణ్ణీ చూడకుండా తిరిగొచ్చానంటే మా బందరులో ఎవరూ నమ్మడం లేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నేను చూడ్డానికి వెళ్ళింది ఒక ముఖాన్ని. బొటనవేలంత తెల్లటి గాజుముఖం.

ఫొటోలు లేని కాలంలో, పద్దెనిమిదో శతాబ్దంలో, ఇంగ్లండులో కాస్త కలిగినవాళ్ళు తమ ముఖాన్ని పక్కనుంచి కనబడేటట్టు మైనంతో చేయించుకునేవారు. దానికి అచ్చు తీసి, అందులో వేడి తెల్లగాజును ఒత్తితే కోడిగుడ్డు ఆకారపు బిళ్ళ తయారయ్యేది. ఒకే అచ్చుతో ఎన్నయినా తీయొచ్చు. అక్కకొకటి, స్నేహితుడికొకటి, ఓడెక్కి దూరదేశం పోయే కొడుకు జేబులోకి ఒకటి. అలా ఓడలెక్కిన ముఖాల్లో కొన్ని మా బందరు రేవులో దిగాయి. నేను ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేసే రోజుల్లో ఫ్రెంచిపేటలో పాతసామాన్లు కొనేవాడి దగ్గర ఒకటి కంటబడింది. పొద్దస్తమానం మైక్రోస్కోపులో నెత్తుటి చుక్కలు చూసే కళ్ళకు ఆ ముక్కు, ఆ చెవి, మెడ వెనక రిబ్బను కట్టిన జుట్టు ఎంత హాయినిచ్చాయో! అప్పటినుంచి వెతుకుతున్నాను. రిటైరయ్యేదాకా వెతికితే దొరికినవి మూడే.

నాలుగోదాని కబురు జగిత్యాల నుంచి వచ్చింది. నాతో పనిచేసిన మేరీ కూతురు సుజాత అక్కడ నర్సు. ఛాతీకి ఎక్స్‌రే తీయించుకోవడానికి వచ్చిన ఒక ముసలావిడను మెడలో తాడు తీయమంటే ఈ బిళ్ళ బయటపడిందట. ఫొటో తీసి పంపి, "ఆంటీ, ఇది మీ పిచ్చిలోదేనా?" అని కింద రాసింది.

ఆ ఫొటోను పెద్దది చేసి చేసి చూశాను. మర్నాడే బయల్దేరాను.

జగిత్యాల

ఊరు ఇంకా రాకముందే బస్సులోకి పసుపు వాసన వచ్చింది. ఉడకబెట్టిన పసుపు కొమ్ములు రోడ్డు పక్క కళ్ళాల్లో ఆరబోసి ఉన్నాయి. మా వైపు వడ్లు ఆరబోసినప్పుడు కోళ్ళను తోలడానికి ఒక మనిషి కాపలా ఉంటుంది. ఇక్కడ ఎవరూ లేరు. పసుపును కోళ్ళు ముట్టవు కాబోలు.

సుజాత అద్దెకుండే ఇంటి ఆవిడ నాకు సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి, గిన్నె లోపలి గోడకే అద్ది, వేలితో బొక్కలు పెట్టి కాలుస్తారు. కారం మా గుంటూరును మరిపించేలా ఉంది. నేను నీళ్ళు తాగుతుంటే ఆవిడ నవ్వి, "గిది పిల్లలు తినే కారమే మేడం" అంది.

సుజాత డ్యూటీ ముగిసేలోపు ఖిల్లా చూసి రమ్మంది. "గీ ఖిల్లా ఫ్రెంచోళ్ళు కట్టిండ్రు. ఇద్దరు ఇంజినీర్లు. గా ఇద్దరి పేర్లు కలిపితెనే జగిత్యాల అయింది" అన్నాడు ఆటో అతను. నిజమేనా అంటే, "నేను చూడలే గద మేడం. బడిల మా సారు చెప్పిండు" అన్నాడు.

నక్షత్రం ఆకారంలో రాతికోట, చుట్టూ నీళ్ళ కందకం, బురుజుల మీద ఫిరంగులు. ఒక ఫిరంగి మీద ఎవరో లుంగీ ఆరేశారు. పరదేశపు మనుషులు ఇక్కడ కొన్నాళ్ళు బతికారంటే, వాళ్ళ పెట్టెల్లో వాళ్ళవాళ్ళ ముఖాలు కూడా ఉండి ఉంటాయి కదా అనుకుంటూ మెట్లు దిగుతుంటే చెప్పు తెగింది. చెప్పుల కొట్టాయన "మీరు ఆంధ్ర నుంచా?" అని ఆప్యాయంగా అడిగి, కుర్చీ వేసి, ఛాయ్ తెప్పించి, ధరలో మాత్రం రూపాయి తగ్గించలేదు. బందరులో అయితే సగానికి బేరమాడి తెచ్చేదాన్ని. ఛాయ్ తాగాక నోరు రాలేదు.

సుజాత చెప్పిన వివరాలివి. బిళ్ళ ఉన్న ముసలావిడ పేరు రాజవ్వ. సొంతూరు ఈ జిల్లాలోనే ఇబ్రహీంపట్నం మండలంలో పల్లె. భర్త నర్సాగౌడు కల్లు గీసేవాడు, పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు కోరుట్లలో కూతురి దగ్గర ఉంటోంది.

"మీరు వస్తున్నారని ఫోన్లో చెప్పాను ఆంటీ. ఎవరు, ఏం పని అని ఏమీ అడగలేదు. 'గా మేడం నిజం చెప్పే మనిషేనా?' అని మాత్రం అడిగింది."

కోరుట్ల

కోరుట్లలో దిగాల్సినదాన్ని నిద్రపోయి మెట్‌పల్లిలో లేచాను. అక్కడ వేడి మిరపకాయ బజ్జీలు తిని, వెనక్కి వచ్చే బస్సెక్కాను. అందువల్ల నష్టమేమీ జరగలేదు.

రాజవ్వ కూతురు లక్ష్మి ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మాట్లాడుతున్నా, నాకు మంచినీళ్ళు తెప్పిస్తున్నా, వేళ్ళు మాత్రం తునికాకు మీద నుంచి కదల్లేదు. అల్లుడు రమేష్ చాలా ఏళ్ళు మస్కట్‌లో పనిచేసి వచ్చి ఆటో కొనుక్కున్నాడు. రాజవ్వ మంచం మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి. మెడలో నల్లతాడు, ఆ తాడు చివర చీర మడతల్లో దాగిన బిళ్ళ. నా చూపు అటే పోవడం ఆవిడ కనిపెట్టింది.

"కూసో బిడ్డా. ఛాయ్ తాగు. ముందుగాల నా ముచ్చట ఇను. తర్వాత దీన్ని చూద్దువు."

మా వైపు బిడ్డ అంటే పసిపిల్ల. ఇక్కడ బిడ్డ అంటే కూతురు. రిటైరైన నన్ను ఒకరు బిడ్డా అని పిలిచి చాలా కాలమైంది. ఛాయ్ తీసుకుని కింద చాప మీద కూర్చున్నాను.

"నాకు ఇద్దరు పిల్లలైనంక మా తమ్ముడు మల్లేశం బర్రెను కొనిచ్చిండు. వాడు సిరిసిల్లల సాంచలు బాగుచేసెటోడు. ఒక్కొక్క రూపాయి కూడబెట్టి తెచ్చిండు, అక్క పిల్లలు పాలు తాగాల్నని. మంచి బర్రె. నెత్తి మీద తెల్లమచ్చ."

సాంచలంటే మరమగ్గాలు. సిరిసిల్లలో ఎవరినడిగినా అదే మాట.

"ఒకనాడు మా ఆయన జగిత్యాల పోయిండు. ఖిల్లా దిక్కు ఒక పాత ఇల్లు కూలగొడుతున్నరట. ఆ ఇంటాయన తాన దీన్ని చూసిండు. అడిగితె ఇయ్యనన్నడు. మళ్ళ పోయిండు, మళ్ళ పోయిండు. ఆఖరికి నీ తాన ఏమున్నదిరా అంటె, బర్రె ఉన్నదన్నడు. తోల్కపోయి ఇచ్చచ్చిండు."

"ఎందుకలా చేశారు?"

"గదే నేను అడిగిన. నోరుపడిపోయేదాక తిట్టిన. ఆయన దీన్ని పొద్దుకు ఎదురుంగ పట్టి, 'చూడు రాజవ్వా, ఎండని ముంజ' అన్నడు."

అప్పుడు తాడు తీసి నా చేతిలో పెట్టింది. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకు పట్టాను. మధ్యలో పాలలా చిక్కటి తెలుపు. బుగ్గ, పెదవి పలచబడే చోట లోపలినుంచి వెలుగు. కాయలోంచి అప్పుడే తీసిన లేతముంజ అలాగే ఉంటుంది. రోజూ చెట్టెక్కేవాడికి అది కనబడకుండా ఎలా ఉంటుంది?

బర్రె సంగతి తెలిసి మల్లేశం సిరిసిల్ల నుంచి వచ్చాడట. ఊళ్ళో అందరూ కూడిన చోట బావను నిలబెట్టి, నా బర్రెను సీసపెంకకు, అంటే గాజుపెంకుకు, అమ్ముకున్నావా అని అడిగాడట. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నర్సాగౌడు పేరు పోయి సీసపెంక గౌడు అయ్యాడు. మల్లేశం మళ్ళీ అక్క గడప తొక్కలేదు. బావ పోయినప్పుడు కూడా ఊరి చివరిదాకా వచ్చి వెళ్ళిపోయాడని ఎవరో చెప్పారట.

"ఎరుకున్నోళ్ళు ఎన్నడన్న అస్తరు, చూసి చెప్తరు అంటుండె మా ఆయన. ఎవలు రాలే. ఆయన పోయిండు. ఇప్పుడు నువ్వచ్చినవ్. గాజా, పిలాస్టికా, పాతదా, కొత్తదా, ఉన్నదున్నట్టు చెప్పు."

భూతద్దం పెట్టి చూశాను. గాజే. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలింది. లోపల సన్నటి గాలిబుడగలున్నాయి. కానీ ఇలాంటి బిళ్ళలకు తర్వాతి కాలంలో నకళ్ళు కూడా వచ్చాయి. అసలు పనివాడు భుజం కింద, అంచు మీద తన గుర్తు చెక్కేవాడు. ఆ అంచును నర్సాగౌడు వేయించిన వెండి పట్టీ మూసేసింది. పట్టీ తీస్తేగానీ చెప్పలేనన్నాను. తీసేటప్పుడు పగిలినా పగలొచ్చని కూడా చెప్పాను.

లక్ష్మి వేళ్ళు మొదటిసారి ఆగాయి.

"తీపిద్దాం" అంది రాజవ్వ.

అవుసలి దుకాణం

కోరుట్ల బజారులో అవుసలాయన, అంటే కంసాలి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. "పగిలితె నన్ననద్దు అవ్వా." ఆవిడ అనను అని మాటిచ్చాకే పనిముట్టు తీశాడు.

వెండి పట్టీని వేలిగోరంత మేర లేపి ఆగుతాడు. ఊదుతాడు. మళ్ళీ లేపుతాడు. నేను బయటికి వచ్చి నిలబడ్డాను. చూడలేకపోయాను. రమేష్ నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"మేడం, ఒక మాట. మామూలు గాజే అని చెప్పుండ్రి. అత్తమ్మ రెండు దినాలు ఏడుస్తది, తర్వాత మర్సిపోతది. దాన్ని మీరే తీస్కపోండ్రి. మాకేమద్దు. ఇంట్ల గీ లొల్లి ఒడుస్తె చాలు."

అతనిలో దురాశ లేదు. పెళ్ళయినప్పటి నుంచి వింటున్న గొడవతో విసిగిపోయిన మనిషి. నేను జవాబు చెప్పేలోపే లోపలినుంచి పిలుపొచ్చింది.

పట్టీ ఊడింది. బిళ్ళ పగల్లేదు. భుజం కోసినట్టుగా ముగిసే చోట, మురికి కింద, వెంట్రుకంత సన్నటి అక్షరాలు. తడిగుడ్డతో తుడిచి భూతద్దం పెట్టాను. నా దగ్గరున్న మూడింటిలో ఒకదాని మీద ఉన్న గుర్తే. అదే చేతి పని.

ఆ అక్షరాలు ఆ దుకాణంలో నాకు తప్ప ఎవరికీ కనబడవు. కనబడినా ఎవరూ చదవలేరు. ఒక్క మాట, మామూలు గాజే అన్న మాట అంటే, రమేష్ చెప్పినట్టే అది నా సంచిలో పడుతుంది. ఇన్నేళ్ళు వెతికినదాన్ని. ఆ మాట నాలుక దాకా రాలేదంటే నేను గొప్పదాన్ననిపించుకుంటాను గానీ, వచ్చింది. భూతద్దం కంటికి అవసరమైనదానికంటే ఎక్కువసేపే పెట్టుకుని ఉన్నాను. తల ఎత్తేసరికి రాజవ్వ నా ముఖంలోకే చూస్తోంది.

"అసలుదే పెద్దమ్మా" అన్నాను. "గాజే. ఖిల్లా కట్టిన కాలం నాటిదే. ఎక్కడో సముద్రాల అవతల చేశారు. ఇక్కడికెలా వచ్చిందో నేను చెప్పలేను గానీ, మీ ఆయన మోసపోలేదు."

ఆవిడ ఏడవలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఎంత పలుకుతదో" అని మొదలుపెట్టబోయిన అల్లుణ్ణి చేత్తో ఆపింది.

"ధర తర్వాత. గీ మాట సిరిసిల్లకు అచ్చి మా తమ్మునికి చెప్తవా?"

వేములవాడ దారి

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. బిళ్ళకు మళ్ళీ వెండి పట్టీ వేయించి మెడలో వేసుకుంది రాజవ్వ. తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. నేనూ ఆధార్ కార్డు చూపించాను. కండక్టరమ్మ చూసి, "ఇది ఆంధ్రది మేడం, నడవది" అంది. రాజవ్వకు కోపం వచ్చింది.

"నా ఇంటికచ్చిన మనిషి. ఆడిమనిషే గద? కండ్లకు కనబడ్తలేదా?"

"కనబడ్తంది అవ్వా. కార్డు ఒప్పుకోదు."

నేను డబ్బులిచ్చి టికెట్టు తీసుకున్నాను. రాజవ్వ చాలాసేపు ఆ కండక్టరమ్మ వైపు చూడలేదు. కథలాపూర్ దాటాక మూట విప్పి మొక్కజొన్నతో చేసిన మక్క గారెలు తీసి, ముందు ఆవిడకే ఇచ్చింది.

రుద్రంగి దగ్గర గుట్టలు మొదలయ్యాయి. మోదుగుపూలతో అడవంతా ఎర్రగా ఉంది. మా సముద్రతీరంలో ఎటు చూసినా నేల చదునే. ఇక్కడ ప్రతి మలుపులో ఒక గుట్ట అడ్డం వస్తుంది. నేను ఆపుకోలేక అడిగేశాను.

"పెద్దమ్మా, దాన్ని నాకు అమ్ముతారా? న్యాయమైన ధరే ఇస్తాను."

"నువ్వు అడుగుతవని ఎర్కనే" అంది కిటికీలోంచి చూస్తూ. "నిన్న అబద్ధం చెప్తె గట్లనే దొరుకుతుండె గద నీకు?"

నా ముఖం ఎలా మారిందో తెలియదు. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"మా అల్లుడు దాపరికం లేనోడు. నీకు ఏం చెప్పిండో రాత్రే నాకు చెప్పిండు. ఇప్పుడైతె అడగకు. మొదలు తమ్మున్ని చూడనియ్యి."

సిరిసిల్ల

సిరిసిల్లలో దిగితే ముందు వినిపించేది సాంచల చప్పుడే. ఇంటింటా, సందు సందునా టకటకటక. మనుషులు ఆ చప్పుడు మీదనుంచే మాట్లాడుకుంటారు. ఒక దుకాణంలో దారి అడిగితే చేతులతోనే చెప్పారు.

మల్లేశం సాంచల విడిభాగాలు అమ్మే చిన్న దుకాణం ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్లజుట్టు, మందపాటి కళ్ళద్దాలు. ఆటో దిగుతున్న మనిషిని ఎవరో గిరాకీ అనుకున్నట్టు చూశాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి చూశాడు. కుర్చీలోంచి లేచాడు గానీ ముందుకు రాలేకపోయాడు.

"అక్కా."

"నేనే."

"కూసో అక్కా."

"కూసోను. ముందుగాల గీ బిడ్డ చెప్పేది ఇను."

నేను చెప్పడం మొదలుపెట్టాను. మల్లేశం చెవి నావైపు తిప్పాడు. సాంచల మధ్య బతికి బతికి ఆయనకు వినికిడి తగ్గిందట. ఎదురింట్లో నాలుగు సాంచలు ఒక్కసారి నడుస్తున్నాయి. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. "ఏందీ?" అన్నాడు. నేను గొంతు పెంచాను. చివరికి బందరు చేపల మార్కెట్లో అరిచినట్టు అరవాల్సి వచ్చింది. గాజేనని, పాతదేనని, రాజులనాటిదని. సందులో పోయేవాళ్ళు ఆగారు. ఎదురింటి పనివాళ్ళు ఏదో గొడవనుకుని సాంచలు ఆపి గుమ్మంలోకి వచ్చారు. ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. నా అరుపు మాత్రం ఆగలేదు.

"మీ బావగారు మోసపోలేదు!"

ఆ మాట సందు చివరిదాకా వినబడింది. ఎవరూ నవ్వలేదు.

మల్లేశం కుర్చీలో కూర్చున్నాడు. "బర్రె పోయిందని కాదక్కా నా కోపం. నీ పిల్లలు పాలకు ఏడుస్తరని."

"ఏడ్చిండ్రు" అంది రాజవ్వ. "అబద్ధమెందుకు చెప్పాలె? నేను కూడ ఆయనను ఏడాది పొడుగూత తిట్టిన."

"మరి నువ్వు తిట్టొచ్చు, నేను తిట్టద్దా?"

"నేను ఇంట్ల తిట్టిన మల్లేశం. నువ్వు నలుగుర్ల తిట్టినవ్."

రాజవ్వ మెడలోంచి తాడు తీసింది. చేతికర్ర గోడకు ఆనించి, వంగి, తమ్ముడి చెయ్యి పట్టుకుని, అరచేతిలో ఆ బిళ్ళను పెట్టి వేళ్ళు మూసింది.

"ఇగో నీ బర్రె. తోల్కచ్చిన. కట్టేసుకో."

మల్లేశం పిడికిలి విప్పి చూశాడు. దుకాణం చూరు కింద నుంచి ఎండలోకి జరిగి, ముఖం దగ్గరగా పెట్టుకుని చూశాడు. బావ చూసినట్టే చూశాడో లేదో నాకు తెలియదు. కళ్ళద్దాలు మసకబారి ఆయనకేమీ కనబడలేదనుకుంటాను.

"దీన్ని పిండుడు నాకు రాదక్కా" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. ఆయన ఆ తాడును మళ్ళీ అక్క మెడలో వేసి, "నా బర్రె నీ కొట్టంలనే ఉండనియ్యి" అన్నాడు. ఎదురింటి గుమ్మంలో నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. ఒక సాంచ మొదలైంది. ఇంకొకటి మొదలైంది.

తిరుగు ప్రయాణం

మల్లేశం భార్య బగారా అన్నం, నాటుకోడి కూర వండింది. పచ్చిపులుసు నాకు రెండుసార్లు వడ్డించింది. మా చారులా మరగబెట్టరు. చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి అలాగే పోస్తారు. ఇంటికొచ్చాక నేనూ చేశాను, ఆ రుచి రాలేదు.

భోజనం చేసి రాజవ్వ తమ్ముడి మంచం మీదే నిద్రపోయింది. వారం రోజులుండి వెళ్ళమని ముందే ఒప్పించారు. బిళ్ళ గురించి నేను మళ్ళీ అడగలేదు. పడుకున్న మనిషి గుండెల మీద అది ఊపిరితో పాటు లేచి పడుతుంటే ఫొటో కూడా తీయబుద్ధి కాలేదు.

మల్లేశం నన్ను స్కూటర్ మీద బస్టాండుకు తీసుకొచ్చాడు. అక్కడ చప్పుడు తక్కువ. బస్సు కోసం నిలబడి ఉండగా నెమ్మదిగా అడిగాడు.

"మేడం, గా మొఖం ఎవలది?"

"తెలియదండీ. చేసినవాడి గుర్తే ఉంది. మనిషి పేరు లేదు. రాజూ కాదు, గొప్పవాడూ కాకపోవచ్చు."

ఆయన ఆలోచించాడు.

"ఎవలో తెల్వనోని మొఖం కోసం, ఇన్నేండ్లు మేం ఒకరి మొఖం ఒకరం చూసుకోలే."

ఇంతలో బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, చెయ్యి ఊపుదామని చూస్తే, ఆయన అప్పటికే స్కూటర్ మలుపుతున్నాడు.

"అక్క లేస్తది మేడం, పోత!" అని అరిచి, నా బస్సు కదలకముందే వెళ్ళిపోయాడు.